తోక వెలిగిన అంబాసిడర్

కొత్త కారు కొన్నవాణ్ణి జనం "మైలేజీ ఎంత?" అని అడుగుతారు. అంబాసిడర్ ఉంచుకున్నవాణ్ణి "ఇంకా ఉంచావా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న నేను తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో టీ తాగుతూ విన్నాను, పెళ్లి భోజనాల బంతిలో విన్నాను, చావింటికి పరామర్శకు వెళ్లి కూడా విన్నాను. తమాషా ఏమిటంటే, అమ్మేయమని గట్టిగా చెప్పినవాళ్లే మాఘమాసం రాగానే "బావా, పెళ్లికొడుకుని ఊరేగించాలి, బండి ఒకసారి పంపుతావా?" అని ఫోన్ చేస్తారు. పూలదండలు వేస్తే మా బండికి వచ్చే కళ తమ కొత్త బండ్లకు రాదని వాళ్లకూ తెలుసు.

మాది మార్క్ ఫోర్. తెలుపు రంగు, అంటే ఒకప్పటి తెలుపు. మా నాన్నగారు కొన్నది. ముందు సీట్లో ముగ్గురు, వెనక ఎంతమంది పడితే అంతమంది, డిక్కీలో మామిడికాయల బస్తాలు. ముందువైపు నుంచి చూస్తే బండికి వంక పెట్టడానికి లేదు. గ్రిల్లు నేనే తుడుస్తాను. హెడ్‌లైట్లు ఎప్పుడో హాలోజన్‌కి మార్చాం. ఎటొచ్చీ తోక దగ్గరే తేడా కొట్టింది.

డిక్కీకి అటొకటి ఇటొకటి నిలువు దీపాలుంటాయి కదా, వాటిలో 21/5 వాట్ల బల్బు ఉంటుంది. ఒకే గాజు బుడ్డిలో రెండు తీగలు: రాత్రిపూట ఎప్పుడూ వెలిగేది 5 వాట్లది, బ్రేకు తొక్కితే వెలిగేది 21 వాట్లది. ఏర్పాటు మంచిదే. కానీ అద్దం ఎండకు వెలిసిపోయి, లోపలి రిఫ్లెక్టరుకు తుప్పు పట్టి, వైర్లలో సగం కరెంటు దారిలోనే నీరసపడి, 5 వాట్లకూ 21 వాట్లకూ తేడా తెలియడం మానేసింది. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? బండిలో కూర్చున్నవాడికి ఆ లైటు కనపడదు కదా.

చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. మాది 30వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర మొదలై, రాయపూర్, జగదల్‌పూర్, భద్రాచలం మీదుగా మా ఊరు దాటి ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. ఛత్తీస్‌గఢ్ లారీలన్నీ రాత్రిళ్లు దీని మీదే. మైలవరంలో టీ కోసం ఆగితే వెనకే ఆయనా ఆగాడు. "బాబాయ్, ఏ.కొండూరు కాణ్ణించీ మీ వెనకే వస్తన్నా. బ్రేకేసినప్పుడల్లా మీ బండి దగ్గరికొస్తంది గానీ లైటు రాట్లేదు. డిక్కీ తెల్లగా ఉండబట్టి సరిపోయింది" అన్నాడు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

ఇంట్లో సమావేశం పెట్టాం. ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు "ఎల్‌ఈడీ వేయించు మామయ్యా" అన్నాడు. మా ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిస్తే, "ఈ వైరింగు మీ నాన్నగారి మాటే వినలేదండీ, ఇప్పుడు మన మాట వింటదా?" అన్నాడు. మా ఆవిడ మాత్రం "ఏ బల్బయితేనేం, ఖర్చు దాని ధర దగ్గర ఆగితే చాలు" అంది. ఇంతకీ ముగ్గురిలో దూరదృష్టి ఆవిడదే.

విజయవాడ జవహర్ ఆటోనగర్లో దొరకని విడిభాగం ఇంకా తయారు కాలేదని మా జిల్లా నమ్మకం. సుమారు 75 కిలోమీటర్లు వెళ్లాం. మా ఎలక్ట్రీషియన్ మేస్త్రీ తెలివైనవాడు, బండి ఎర్ర అద్దం ఒకటి విప్పి సంచీలో వేసుకొచ్చాడు. ఒక షాపాయన ధీమాగా, "అద్దం ఎర్రదే కదండీ, తెల్ల బల్బేయండి, చచ్చినట్టు ఎర్రగానే వస్తది" అన్నాడు. పాత బల్బుకైతే ఆ మాట నిజం. కాలిన తీగ వెలుగులో ఎరుపు దండిగా ఉంటుంది, అద్దం దాన్ని వదిలి మిగతాది ఆపేస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ సంగతి వేరు. దాని అసలు వెలుగు నీలం. మీద పూసిన ఫాస్ఫర్ అందులో కొంత భాగాన్ని పసుపుగా మారిస్తే, రెండూ కలిసి మన కంటికి తెలుపు అనిపిస్తాయి. ఎరుపు పాలు తక్కువ. కౌంటరు మీదే బ్యాటరీకి తగిలించి, అద్దం అడ్డం పెట్టి చూశాం. వచ్చింది లేత గులాబీ రంగు. సంగీత్ ఫంక్షనుకు పనికొస్తుంది, లారీ డ్రైవరుకు పనికిరాదు. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీ, నారింజ అద్దం వెనక నారింజది వేయాలన్నది అసలు సూత్రం. ఇంకోటి, ఎల్‌ఈడీ తాను చూసే దిక్కుకే వెలుగిస్తుంది. చుట్టూ చిప్పులున్న బల్బయితేనే పక్కనున్న రిఫ్లెక్టరుకూ కాస్త వెలుగు అందుతుంది.

ఇంటికొచ్చి హోల్డరు విప్పితే అసలు కథ బయటపడింది. ఈ డబుల్ పాయింట్ బల్బుకు రెండు పిన్నులు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. తిరగేసి పెట్టినవాణ్ణి లోపలికి రానివ్వకుండా కంపెనీవాళ్లు చేసిన ఏర్పాటు అది. లోపల అడుగున స్ప్రింగు మీద రెండు ఇత్తడి చుక్కలు. ఒకటి నల్లగా మాడింది, రెండోది పచ్చగా చిలుం పట్టింది. హోల్డరు బాడీకి ఆనుకున్నచోట గోరంత మందాన తుప్పు. బండిలో రిటర్ను వైరు బాడీ రేకే కాబట్టి, తుప్పు పట్టిందంటే ఎర్తు పోయినట్టే. మేస్త్రీ ఉప్పు కాగితంతో రుద్దుతుంటే కింద పరిచిన పేపరు మీద గోధుమరంగు పొడి కుప్ప పడింది. ఎర్తు సరిచేయకముందు బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమనేది. ఇంటికెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోంచి తిరిగి వెళ్లడం వల్ల వచ్చే విచిత్రం అది. కొత్త బల్బు పెట్టకముందే సగం జబ్బు ఉప్పు కాగితానికి లొంగిందన్నమాట.

ఆపైన ఎర్ర, నారింజ ఎల్‌ఈడీలు బిగించాం. బ్రేకు లైటు బ్రహ్మాండంగా వచ్చింది. ఇండికేటరు వేస్తే వెలిగింది గానీ ఆరలేదు. పాత ఫ్లాషర్ డబ్బాలో ఒక లోహపు పట్టీ ఉంటుంది. పెద్ద బల్బులు లాగే కరెంటుకు అది వేడెక్కి, వంగి, లైను తెంపుతుంది. చల్లారి మళ్లీ కలుపుతుంది. ఆ టిక్కుటిక్కు అదే. ఎల్‌ఈడీ లాగే చిటికెడు కరెంటుకు దానికి చెమట కూడా పట్టదు. "లోడ్ రెసిస్టరు వేద్దామండీ" అన్నాడు మేస్త్రీ. అంటే మిగిలిన వాట్లను వేడిగా తగలబెట్టి, పాత బల్బే ఉందని ఫ్లాషర్‌ని నమ్మించే పరికరం. కరెంటు ఆదాకు ఒక వస్తువు, ఆ ఆదాను కాల్చడానికి ఇంకో వస్తువు! వద్దని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించాం. అంతా సరిపోయింది గానీ శబ్దం సన్నగిల్లింది. "ఆ టిక్కుటిక్కు వినపడకపోతే మీరు మలుపు తిరిగి మైలవరం చేరేదాకా ఇండికేటరు ఆర్పరు" అని మా ఆవిడ బెంగపెట్టుకుంది.

పాత బండికి కొత్త సోకులేమిటని మా తమ్ముడి అభ్యంతరం. లెక్క చెప్పాను. అంబాసిడర్ ఉత్తరపారాలో 1957-58 ప్రాంతంలో పుట్టింది. నిక్ హోలోన్యాక్ అనే ఆయన అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని చేసింది 1962లో. నాలుగైదేళ్ల తేడా, ఈడూజోడూ చక్కగా కుదిరింది, పెళ్లే కాస్త ఆలస్యమైంది. నీలం ఎల్‌ఈడీకి అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చిన 2014లోనే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. పాత బండిని తీర్చిదిద్దుకోవడం మాకు కొత్తా కాదు. 2022లో మా జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఎన్టీఆర్ ఒక పాత షెవర్లె వ్యానును చైతన్యరథంగా మార్పించుకుని, 1983 ఎన్నికల్లో రాష్ట్రాన్నే గెలిచారు. మేం గెలవాల్సింది మైలవరం దాకా రోడ్డును మాత్రమే.

లాభమేమిటంటారా? పాత బల్బు తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. వెనకవాడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ కాస్త వ్యవధిలో దాదాపు నాలుగున్నర మీటర్లు దూసుకొస్తాడు. అంబాసిడర్ పొడవు కూడా రమారమి అంతే. అంటే వెనకవాడికి మనం ఒక అంబాసిడర్ అంత జాగా దానం చేసినట్టు. పైగా రెండు బ్రేకు బల్బులు కలిసి 42 వాట్లు తాగేచోట ఇప్పుడు గుక్కెడు చాలు, పాత బ్యాటరీకి ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి ఊళ్లోకి వస్తుంటే సెంటర్లో ఒకాయన, "తోకకు నిప్పంటించుకుని తిరిగింది లంకలో ఆంజనేయుడు, తిరువూర్లో మీ అంబాసిడరే" అన్నాడు. నేను పొగడ్త కింద జమకట్టుకున్నాను.

మా బండిని చూసి మోజుపడ్డ కుర్రాళ్లు కొందరు బ్రేకు తొక్కితే ఎరుపు, నీలం, తెలుపు టపటపా కొట్టుకునే బల్బులు వేయిస్తామంటున్నారు. వద్దు నాయనా. వెనక్కి కనపడాల్సింది ఎర్ర దీపం. తెలుపు ఉండేది నంబరు ప్లేటుకూ, రివర్సుకూ. కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది. అందుకే మేం అద్దం మార్చలేదు, హోల్డరు మార్చలేదు, రంగు తప్పలేదు.

మన బండ్ల ముందు నిమ్మకాయలు, మిరపకాయలు శనివారం శనివారం తప్పకుండా మారతాయి. వెనక బల్బు మాడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. మామిడి సీజనులో మా రోడ్డు మీద రాత్రిపూట కాయలతో వెళ్లే ట్రాక్టరు ట్రక్కుల్లో చాలావాటికి వెనక దీపమే ఉండదు. దిష్టి ముందు నుంచి తగిలితే తగలొచ్చు, లారీ మాత్రం వెనకనుంచే తగులుతుంది. కాబట్టి అంబాసిడరే ఉండక్కర్లేదు, ఎల్‌ఈడీయే వేయించక్కర్లేదు. ఈ రాత్రి మీ బండిని గోడకు వీపు పెట్టి నిలిపి, ఒకసారి బ్రేకు తొక్కి, అద్దంలో చూడండి. గోడ ఎర్రబడకపోతే రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. ట్రక్కు ఉన్నవాళ్లు వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లయినా అంటించండి. టీ ఖర్చు కన్నా ఎక్కువేం కాదు.