చుక్కలు చూపించే టీవీ

ఫుల్‌ హెచ్‌డీ తెర మీద దాదాపు 20 లక్షల చుక్కలు. 4కేలో 83 లక్షలు. 8కేలో 3 కోట్ల 30 లక్షల పైమాటే. ధర కూడా అదే వరసలో చుక్కలు చూపిస్తుంది! షోరూమ్‌ కుర్రాడు మనల్ని తెరకు మూరెడు దూరంలో నిలబెట్టి రామచిలుక ఈకలు లెక్కపెట్టిస్తాడు. ఇంట్లో సోఫా ఉండేదేమో పదడుగుల అవతల. 55 అంగుళాల టీవీకి ఏడెనిమిది అడుగులు దాటి కూర్చుంటే ఫుల్‌ హెచ్‌డీకీ 4కేకీ తేడా పట్టడం మామూలు కంటికి కష్టం. ఇక అత్తయ్యగారి కళ్లజోడు సంగతి వేరే చెప్పాలా?

పోనీ, అందులో చూసేదేమిటి? కేబుల్లో వచ్చే 576 గీతల ఎస్‌డీ సీరియల్‌. లక్షలు పోసిన తెర, లేని చుక్కల్ని తనే ఊహించుకుని పూడ్చుకోవాలి. విషం కలిపిన పాలగ్లాసును ముమ్మారు జూమ్‌ చేసి చూపించాక ఎన్ని ‘కే’లైతే ఏం లెండి! 1957 నాటి ‘మాయాబజార్‌’లో లడ్డూలు నలుపు తెలుపుల్లోనే నోరూరిస్తున్నాయి.

పండక్కి టీవీ మార్చాలనుకునేవారు ముందు టేపు పెట్టి సోఫా దూరం కొలవండి. దూరం ఎక్కువైతే తక్కువ ‘కే’తో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కోండి. పలచటి టీవీల్లో అసలు కరువు, మాట సరిగా వినబడ్డానికే.