పక్కింటిగోడ ఆత్మకథ

రాజమహేంద్రవరమున, గోదావరిగట్టునకు కూతవేటు దూరములో, ఒక సన్నని సందునందు 1936లో కట్టిన మద్రాసు టెర్రస్సు ఇల్లొకటి కలదు; దాని తూర్పుగోడను నేను. ఎద్దుగానుగలో నూరిన సున్నమునకు బెల్లపునీరును, కరక్కాయలు నానవేసిన నీరును చేర్చి, ఆనాటి మేస్త్రీలు ఇటుకపై నిటుకను పేర్చి నన్ను పైకెత్తిరి. గుండు కట్టిన తాడును నా యొడలి వెంబడి వ్రేలాడదీసి, వెండ్రుకవాసి తేడాయైనను లేదని నమ్మిన పిమ్మటగాని పరంజా విప్పరైరి. పైకప్పు దూలముల కొనలు నా మీదనే యానియున్నవి కావున, నేను గదులను వేరుచేయు అడ్డగోడను కాను, ఇంటిని మోయుచున్నదానను. 1953 వరదలోను, 1986 ఆగస్టు వరదలోను ఊరు గడగడలాడినను నేను చలింపలేదు. చిన్నచిన్న బీటలు నాకొక లెక్క కాదు. సున్నము వాననీటికి రవంత కరగి, ఆ సందులలోనే మరల గట్టిపడి, తన గాయమును తానే పూడ్చుకొనును. నా పలుకుబడి పాతదని నవ్వువారు నవ్వవచ్చును. పుట్టినప్పుడు విన్న భాషయే నాకు వచ్చును.

నాకు తూర్పున చిరకాలము ఒక పెంకుటిల్లుండెను. దాని వారసులు స్థలమును ఒక బిల్డరునకు అప్పగింపగా, పెంకులు దిగినవి, వాసములు లారీ యెక్కినవి, నేల చదునైనది. సెల్లారుతో గూడిన అయిదంతస్తుల అపార్టుమెంటు రానున్నదని రేకుల దడిపై రంగుల బొమ్మ వెలసెను. పని మొదలుకాక మునుపే కాంట్రాక్టరు మా మామ్మగారిని చూడవచ్చి, అరుగుపై కూర్చుండి మజ్జిగ త్రాగి, చల్లగా ఇట్లు సెలవిచ్చెను.

“మామ్మగారూ, మీరేం కంగారుపడకండి. ఇన్సూరెన్సు చేయించాం. మీ గోడకేమన్నా అయితే కంపెనీవాళ్లే చూసుకుంటారు.”

“ఏ కంపెనీ నాయనా? నేనెక్కడా సంతకం పెట్టలేదే!”

ఆమె అమాయకముగా నడిగినను, అడుగవలసిన ప్రశ్న అదియే. ప్రీమియము కట్టినవాడొకడు, పూచీపడినది వేరొక సంస్థ. ఇరువురలో నెవ్వరికిని నా మొగ మెట్టిదో తెలియదు. అయినను ఆ పాలసీలో రెండవ భాగమంతయు నావంటివారిని గూర్చియే వ్రాయబడియున్నది. మేము థర్డ్ పార్టీలము.

ఈ సంగతులన్నియు నాకెట్లు తెలిసెనందురేమో. మామ్మగారి తమ్ముడు విశ్రాంత వకీలు. సాయంకాలమున పడకకుర్చీని నాకు ఆనించి వేసికొని, ప్రతి కాగితమును పైకి చదువుట ఆయన అలవాటు. కట్టుచున్న పనికి సమస్తాపదల నుండియు రక్షణ నిచ్చు ఈ ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్’ పాలసీ లండనులో థేమ్సు నదిపై లాంబెత్ వంతెన కట్టునప్పుడు, 1929లో, తొలిసారి పుట్టినదని ఆయన వలననే వింటిని. వంతెన వంటి ఘనకార్యమున జన్మించిన పత్రము మా సందులోని సెల్లారు గుంట దాక వచ్చినందుకు నాకొకింత గర్వము కూడ కలిగెను. ‘సమస్త’మని పేరులోనే యున్నది గదా యని మామ్మగారు సంతోషింపబోగా, వకీలుగారు కండ్లజోడు సవరించుకొనిరి.

“అక్కయ్యా, పేరు చూసి మురిసిపోకు. మినహాయింపుల పేజీ చూడాలి.”

ఆ పేజీలో నున్నదేమనగా: ప్రకంపనము వలనగాని, ఆధారము తొలగుట లేక సడలుట వలనగాని ఇతరుల భూమికి, కట్టడమునకు కలుగు నష్టము ఈ పాలసీకి చెందదు, ప్రత్యేకముగా ఒప్పుకొన్నప్పుడు తప్ప. ప్రక్కన సెల్లారు త్రవ్వునప్పుడు గోడకు ఈ రెండు గాక మరియే ఆపద రాగలదో నాకు తెలియదు! ఏనుగును అమ్మి అంకుశమునకు వేరుగా వెల యడుగుటవలె, ఈ రెండింటికిని అదనపు ప్రీమియము కట్టి ఎండార్సుమెంటు పుచ్చుకొనవలెను. మ్యూనిక్ రీ సంస్థవారి నమూనా పాలసీలో దానికి 120వ సంఖ్య. మన కాంట్రాక్టరు దానిని పుచ్చుకొనియే యుండెను, అందులకాతని మెచ్చుకొందము. కాని దాని షరతులు విన్ననాడు నాలోని ఇటుకలన్నియు చల్లబడినవి. పని మొదలుకాక పూర్వము నా స్థితి దృఢముగా నుండవలెను. నష్టనివారణకు కావలసిన జాగ్రత్తలు తీసికొనియుండవలెను. పని స్వభావమును బట్టి ముందుగా ఊహింపదగిన నష్టమునకు సొమ్ము రాదు. కట్టడపు స్థిరత్వమునకు గాని, అందుండువారికి గాని అపాయము కలిగింపని పైపై నష్టమునకు రాదు. పని నడుచుచుండగా అవసరపడిన నివారణోపాయముల ఖర్చులకును రాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: నేను పూర్తిగానో, కొంతగానో కూలిననే సొమ్ము వచ్చును.

మరల చదివించుకొంటిని. వంగినను, బీటలువారినను, నిలిచియున్నంత కాలము నాకు విలువ లేదు, పడినప్పుడే విలువ. ఎనుబది యేండ్లకు పైగా నిలుచుటయే వృత్తిగా బ్రతికినదానికి ఇంతకంటె విపరీతమైన మాట వేరొకటి వినవలసిన పని లేదు.

వకీలుగారికి మాత్రము ధైర్యము చట్టములో నుండెను. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము ప్రకారము సహజస్థితిలో నున్న భూమికి ప్రక్కభూమి ఆధారము స్వభావసిద్ధమైన హక్కు. దానిపై కట్టిన ఇంటికైనచో, ఇరువది యేండ్లు నిరాటంకముగా ఆ యాధారము ననుభవించినందున హక్కు సిద్ధించును. నేను దానికి నాలుగు రెట్లు అనుభవించితిని. ఆ చట్టమునకు ముందటి యేట, 1881లో, డాల్టన్–ఆంగస్ వ్యాజ్యమున ఇంగ్లండు ప్రభువుల సభ, న్యూకాజిల్ నగరమున ప్రక్కవారి త్రవ్వకముచే బండ్ల కార్ఖానా యొకటి కూలినప్పుడు, పనిని కాంట్రాక్టరునకు అప్పగించితినని స్థలయజమాని తప్పుకొన వీలులేదని తీర్పు చెప్పెను. అందుచేత వకీలుగారు పాలసీలో మొదట చూచినది స్థలయజమాని పేరున్నదా లేదా యని. 1958 నాటి గోల్డ్–ప్యాట్‌మన్ వ్యాజ్యములో కాంట్రాక్టరు తన పేరిటనే బీమా చేయించుకొనగా, యజమాని ఎండలో నిలువవలసివచ్చెనట. ఇచ్చట ఇద్దరి పేర్లును ఉండెను.

త్రవ్వకమునకు ముందు ఒక యువ ఇంజినీరు వచ్చి, నా యడుగు నుండి కొస దాక ఫొటోలు తీసి, కిటికీ ప్రక్కనున్న పాత నెర్రెపై సన్నని గాజుపలక నొకదానిని గచ్చుతో అంటించి, దానిపై తేదీ వ్రాసి, మామ్మగారి చేత సంతకము పెట్టించుకొనెను. నెర్రె కదలినచో గాజు పగులును. అంతకుమించి దానిలో మంత్రమేమియు లేదు. ఆ పిల్లవాడు చేసినంత మేలు ఆ పాలసీ మొత్తమును చేయలేదని నా యభిప్రాయము.

పిమ్మట ప్రొక్లెయిన్ వచ్చెను. పండ్రెండడుగుల లోతున నీరూరెను. గోదావరి దాపున నీరు పైననే యుండును గదా. పంపులు రేయింబవళ్లు నీటిని తోడి మురుగుకాలువలోనికి వదలుచుండ, ఆ నీటితో బాటు నా పునాది క్రింది సన్నని యిసుకయు తరలిపోవుచుండెను. నీరు దిగినకొలది నేల దగ్గరపడును, నేల దగ్గరపడినకొలది పైబరువు క్రుంగును. ఇది ఏ మేస్త్రీని అడిగినను చెప్పును. ఒకనాటి మధ్యాహ్నము గాజుపలక ఠప్పున రెండయ్యెను. నెర్రె ఇటుకల అతుకుల వెంబడి మెట్లుమెట్లుగా ఈశాన్యమూలకు ప్రాకెను.

“నాలుగు సరుగుడు బాదులు ఆనించి పెట్టించండి బాబూ, గోడ దిగుతోంది” అని పాతమేస్త్రీ యొకడు మొరపెట్టుకొనెను. నిలబెట్టుటకైన ఖర్చు పాలసీలో రాదని కాంట్రాక్టరునకు అప్పటికే తెలియును. రేపు చూతమనెను. ఆ రేపు శ్రావణమాసపు ముసురులో గడచిపోయి, ఒక రాత్రి నా ఈశాన్యమూలన ఆరడుగుల మేర గుంటలోనికి జారెను. మనుష్యులకు దెబ్బ తగులలేదు. తులసికోట మాత్రము నాతో బాటు వెళ్లిపోయెను.

వారము తిరుగకముందే, 1938 నాటి బీమా చట్టము క్రింద లైసెన్సు పొందిన సర్వేయరు వచ్చెను. మితభాషి, నిదానస్థుడు. వ్రేలి కణుపుతో నన్ను అచ్చటచ్చట తట్టి, ధ్వని విని, స్కేలుతో నెర్రె వెడల్పు కొలిచి, పాత ఫొటోను నా ప్రక్కన పట్టుకొని చాలసేపు చూచెను. “ఇది పాత పగులు గదండీ” యని కాంట్రాక్టరు తొందరపడగా, ఆయన ఫొటోలోని గాజుపలకను, నా మీది గాజుముక్కలను చూపి, “అప్పుడు గాజు పగల్లేదు గదా” యని ఊరకుండెను. కూలిన మూలకు లెక్క కట్టినారు; పాతదనమునకు కొంత తగ్గించినారు; కాంట్రాక్టరు భరింపవలసిన మొదటి వాటా తీసివేసినారు. నిలిచియున్న భాగమందలి మెట్లపగులు మాత్రము లెక్కలోనికి రాలేదు. నేను పడలేదు గదా!

వోచరు వచ్చెను. ‘పూర్తియైన, తుది పరిష్కారముగా’ సొమ్ము పుచ్చుకొన్నట్లు అందులో నుండెను. మామ్మగారు కలము తీసి, తమ్ముని వంక చూచి, ‘కూలిన మూలకు మాత్రమే’ అని తన గుండ్రని దస్తూరితో పైన చేర్చి సంతకము చేసిరి. ఆ కాగితము పోయి, కొంతకాలమునకు ఆ మాటలతోనే అచ్చయి తిరిగివచ్చెను. మిగిలిన పగులునకు 1882 చట్టమును ఉదహరించుచు బిల్డరునకు నోటీసు వెళ్లెను. నోటీసు చేరిన మూడవనాడు బిల్డరే స్వయముగా మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చెను.

“సిమెంటు పెట్టి నింపేస్తాం మామ్మగారూ, రాయిలా ఉంటది.”

“రాయిలా ఉంటేనే గదరా చిక్కు! సున్నపు గోడకి సిమెంటు పెడితే దాని పక్కన ఇటుక పగులుద్ది. సున్నమే పెట్టు.”

“గానుగసున్నం ఇప్పుడెవరాడిస్తారండీ?”

“పిడుగురాళ్ల నుంచి బస్తాలు తెప్పించు. ఆడించడం నేను చెబుతాను.”

బస్తాలు దిగినవి. పెరటిలో తొట్టి కట్టి సున్నమును నానవేసిరి; మామ్మగారు కరక్కాయలు దగ్గరుండి కొట్టించిరి. ఆ ఖర్చునంతయు కాంట్రాక్టరు అపార్టుమెంటు లెక్కలలో ‘ఇతరములు’ అను పద్దు క్రింద వ్రాసికొనెను.