ఉమర్‌పాడా నైట్ హాల్ట్

ఈ బండి తన గురించి చెప్పుకునేటప్పుడు "నేను" అనదు. పదిహేనేళ్ల పాటు డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, ఎక్కి దిగిన జనం అందరూ దీన్ని "గాడీ" అనే పిలిచారు. సూరత్ లింబాయత్ నుంచి మగ్గాల పనికి పోయే తెలంగాణ పద్మశాలీలు మాత్రం "ఈ బండి" అన్నారు. ఆ మాట దీనికి నచ్చింది. అందుకే కథంతా ఆ పేరుతోనే చెబుతుంది.

పుట్టింది 2008 మొదట్లో. అహ్మదాబాద్ నరోడాలోని గుజరాత్ ఎస్టీ (స్టేట్ ట్రాన్స్‌పోర్టు) వర్క్‌షాపులో ఛాసిస్ మీద బాడీ కట్టారు. ఒంటి మీద "సలామత్ సవారీ, ఎస్టీ అమారీ" అని రాశారు. భద్రమైన ప్రయాణం, మన ఎస్టీ అని అర్థం. గుజరాత్ రాష్ట్రం ఏర్పడిన 1960 మే 1నే ఆ సంస్థా పుట్టింది. మన వైపు పల్లెవెలుగు అంటామే, ఆ జాతి బండి ఇది. చెయ్యెత్తిన చోటల్లా ఆగాలి, మేకపిల్లనూ ఎక్కించుకోవాలి.

ఇది సూరత్ చేరేసరికి జిల్లా కూడా కొత్త హద్దుల్లో ఉంది. అంతకు కొద్ది నెలల ముందే, 2007లో, తూర్పు వైపున్న వ్యారా, సోన్‌గఢ్, ఉచ్ఛల్, నిజర్, వాలోడ్ తాలూకాలను విడదీసి తాపీ జిల్లా చేశారు. నగరం పోగా సూరత్‌కు మిగిలినవి తొమ్మిది తాలూకాలు: చోర్యాసి, ఓల్పాడ్, కామ్రేజ్, పల్సాణా, బార్డోలి, మహువా, మాండ్వి, మాంగ్రోల్, ఉమర్‌పాడా. ఈ తొమ్మిదింటి మట్టీ ఈ బండి చక్రాలకు అంటింది. సూరత్ అనగానే అందరికీ వజ్రాల సాన, పాలిస్టర్ చీరలు గుర్తుకొస్తాయి. 2011 లెక్కల ప్రకారం జిల్లా జనం 60 లక్షల 81 వేలు. ఐదుగురిలో నలుగురు పట్నవాసులే. మిగిలిన ఆ ఐదో మనిషి పొద్దున్నే గంప, కొడవలి, పుస్తకాల సంచి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతాడు. ఈ బండి మోసింది ఆ మనిషిని.

మొదట్లో ఓల్పాడ్ వైపు వేశారు. అటు పోయేకొద్దీ నేల నల్లగా, చదునుగా మారి, చివరికి ఉప్పు తేలుతుంది. అవతల ఖంభాత్ సింధుశాఖ. ఒకవైపు వరి, మరోవైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల చప్పుడు. భీమవరం మనిషిని కళ్లకు గంతలు కట్టి ఇక్కడ దించితే, ఊరు మారిందని పోల్చుకోవడానికి కాసేపు పడుతుంది. చలికాలంలో కోళీ పటేల్ ఆడవాళ్లు లేత జొన్నకంకుల మూటలతో ఎక్కేవారు. ఆ కంకుల్ని నిప్పుల మీద కాల్చి, కర్రతో కొట్టి గింజ రాలుస్తారు. పచ్చగా, మెత్తగా, కొంచెం పొగవాసనతో ఉంటుంది. సూరత్ వాళ్లు దాన్ని పొంక్ అంటారు, సేవ్ కలిపి తింటారు. మనం ఊచబియ్యం అంటాం. ఒక పద్మశాలీ తాత ఆ గింజలు నాలుగు నోట్లో వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడకపోవడం ఈ బండికి గుర్తుంది.

కామ్రేజ్ దగ్గర తాపీ నది ఒడ్డున ఖోల్వడ్ అనే ఊరుంది. ఇక్కడి నుంచి, పక్కనే ఉన్న కఠోర్ నుంచి వోహ్రా ముస్లింలు వందేళ్లకు పైబడిన కాలం నుంచే దక్షిణాఫ్రికాకు వెళ్లారు. జొహానెస్‌బర్గ్‌లో ఖోల్వడ్ హౌస్ అని ఒక భవనం ఉంది. అందులో 13వ నంబరు ఫ్లాటు మొదట వర్ణవివక్ష మీద పోరాడిన ఇస్మాయిల్ మీర్‌ది, తర్వాత అహ్మద్ కథ్రాడాది. లా చదివే రోజుల్లో నెల్సన్ మండేలా ఆఖరి రైలు తప్పిపోతే ఆ ఫ్లాటులోనే పడుకునేవాడు. తాపీ ఒడ్డు పల్లె పేరు అంత దూరాన ఒక ఉద్యమానికి తలదాచుకునే చోటైంది. ఈ సంగతి ఒక ముసలాయన కిటికీ పక్కన కూర్చుని మనవడికి చెబుతుంటే ఈ బండి వింది. ఆ పూట ఇంజను చప్పుడు తగ్గితే బాగుండనిపించింది.

కిమ్, పిపోద్రా, సాయణ్, కడోదరా. ఈ పేర్లు సిరిసిల్లలోనూ వరంగల్లులోనూ చాలా ఇళ్లలో తెలుసు. నగరంలో చోటు చాలక పవర్‌లూమ్ షెడ్లు ఈ పల్లెల పొలాల్లోకి వచ్చాయి. ఒకప్పుడు జొన్న పండిన చోట ఇప్పుడు పగలూ రాత్రీ మగ్గం దడదడలాడుతుంది. ఆ షెడ్ల పక్కన ఆగినప్పుడు ఈ బండి అద్దాలు కూడా దానితో పాటే అదిరేవి. జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్లు 787 మందే అని 2011 లెక్క చెబుతుంది. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి మగవాళ్లు ఒంటరిగా రావడమే అందుకు పెద్ద కారణం. తెలుగువాళ్లు చాలామంది పెళ్లాం పిల్లలతో వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డారు. అందుకే బతుకమ్మ కూడా వాళ్లతో వచ్చింది. షిఫ్టు దిగి ఎక్కినవాళ్ల జుట్టు నిండా నూలు దుమ్ము. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు అచ్చ తెలుగులో "అన్నా, గీ బండి కిమ్ పోతదా?" అని అడిగాడు. కండక్టరు సూర్తీ గుజరాతీలో ఏదో అన్నాడు. వెనక సీట్లోంచి ఎవరో "పోతది బిడ్డా, ఎక్కు" అన్నారు. సూర్తీ యాసలో స అక్షరం హ అవుతుంది, సూరత్ కాస్తా హూరత్ అవుతుంది. ఆ కుర్రాడు ఆరు నెలల్లో హూరత్ అనడం మొదలుపెట్టాడు.

తర్వాత బార్డోలి. ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది గానీ అసలు సంగతి అందులో సగమే. 1922 ఫిబ్రవరిలో గాంధీజీ బార్డోలిలో పన్నుల నిరాకరణకు సిద్ధమయ్యేసరికే గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట శిస్తు కట్టడం మానేశారు. చౌరీచౌరా హింస తర్వాత బార్డోలిలోనే ఉద్యమం ఆపాలన్న తీర్మానం జరిగింది. దాంతో పెదనందిపాడూ ఆగింది. ఆరేళ్లకు, 1928లో, శిస్తు 22 శాతం పెంచితే బార్డోలి రైతులు మళ్లీ లేచారు. ఆ పోరాటం నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్‌ను జనం సర్దార్ అన్నది అప్పుడే. విచారణ జరిగాక పెంపు 6.03 శాతానికి దిగింది.

భూగోళం కూడా ఆ పోరాటంలో పాలుపంచుకుంది. బార్డోలి, ఓల్పాడ్ ఆంగ్లేయుల ఏలుబడి. కామ్రేజ్, మహువా గైక్వాడ్‌ల బరోడా సంస్థానం. ఒక పొలం గట్టు దాటితే రాజ్యం మారిపోయేది. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వేళ జప్తులు ముమ్మరమైనప్పుడు బార్డోలి రైతులు గొడ్డూగోదా తోలుకుని, సామాను బండ్లకెత్తి బరోడా పల్లెలకు వలసపోయారు. ఇప్పుడా సరిహద్దు మీద ఒక స్పీడ్ బ్రేకర్ కూడా లేదు. ఆ తర్వాత, 1938 ఫిబ్రవరిలో, తాపీ ఒడ్డున హరిపురాలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అది 51వది కాబట్టి అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎద్దుల రథంలో తీసుకొచ్చారు. సభాస్థలి కోసం నందలాల్ బోస్ వేసిన బొమ్మల్లో మహానాయకులు లేరు. డోలు కొట్టేవాడు, దంచే ఆడది, కుట్టుపనివాడు ఉన్నారు. ఆ బొమ్మల్లోని మనుషుల మనవలే ఈ బండి ఎక్కారని దీని నమ్మకం.

మరి ఆ పోరాటంలో భూమి లేనివాళ్లు ఏమయ్యారు? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. దక్షిణ గుజరాత్ పల్లెల్లో దుబ్లాలు అనే ఆదివాసులు తరతరాలుగా రైతుల దగ్గర హాళీలుగా, అంటే అప్పుకు కట్టుబడిన పాలేర్లుగా ఉండేవారు. పెళ్లికి తెచ్చిన అప్పు జీవితాంతం తీరేది కాదు. గాంధేయుల కాలంలో వాళ్లకు హళపతులు అన్న పేరు వచ్చింది. నాగలికి దొర అని ఆ పేరుకు అర్థం. నాగలి మాత్రం రైతుదే. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ 1960ల మొదట్లో ఇక్కడికి వచ్చి, దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ వస్తూ వాళ్ల బతుకు రాశాడు. ఈ బండిలో హళపతులు సీటు ఖాళీగా ఉన్నా చాలాసార్లు వెనక తలుపు దగ్గరే నిలబడేవారు. ఎవరూ నిలబడమనలేదు. అయినా నిలబడేవారు. కండక్టర్లలో ఒకాయన మాత్రం ప్రతిసారీ "బేసో కాకా, బేసో", కూర్చో బాబాయ్ అని సీటు చూపించేవాడు.

ఈ మైదానాన్ని చెరకు నేల చేసింది నీళ్లు. తాపీ మీద కాక్రాపార్ ఆనకట్ట 1950ల్లో, దానికి ఎగువన ఉకాయ్ డ్యామ్ 1972లో వచ్చాయి. కాలువ నీళ్లు పారగానే పత్తి, జొన్న వెనక్కి తగ్గాయి. బార్డోలి, మఢీ, చల్థాన్, సాయణ్, మహువా... సహకార చక్కెర మిల్లులు వరుసగా వెలిశాయి. దీపావళి దాటాక డాంగ్ కొండల నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వేల కుటుంబాలు దిగుతాయి. చెరకు నరికే కత్తిని కోయ్‌తా అంటారు. కూలీలను తెచ్చే మేస్త్రీ, అంటే ముకద్దం లెక్కలో భార్యాభర్తల జంటను కూడా కోయ్‌తా అనే అంటారు. వానాకాలంలో తిండికి లేనప్పుడు అడ్వాన్సు ఇచ్చి, నరుకుడు సీజన్లో ఆ బాకీ మినహాయించుకుంటారు. ఖాందేశ్ వాళ్లు ఎడ్లబండ్లతో సహా వస్తారు. ఎద్దులకు చెరకు మోవే మేత.

ఒక డిసెంబరు వేకువన, మంచులో హెడ్‌లైటు పదడుగులు కూడా పారడం లేదు. రోడ్డు పక్క పాలిథిన్ గుడిసెల ముందు పొయ్యిలు కనిపించాయి. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి, చంకలో పసిపిల్ల, భుజాన గోనెగుడ్డ చుట్టిన కత్తి. పిల్లకు జ్వరం, ఆస్పత్రికి వెళ్లాలి. ఆమె అరచేతుల్లో చెరకాకు కోసిన గీతలు దగ్గర దగ్గరగా, సన్నగా, చీరాల చీర అంచులో చారల్లా ఉన్నాయి. టికెట్టుకు చిల్లర తీయడానికి పిడికిలి తెరిచినప్పుడు కనిపించాయి. డ్రైవరు ఆ రోజు స్టాపులో ఆపకుండా ఆస్పత్రి గేటు దాకా తీసుకెళ్లాడు.

కిమ్ నుంచి తూర్పుకు తిరిగితే మాంగ్రోల్. నానీ నరోలీలో విద్యుత్ కేంద్రం, దానికి బొగ్గునిచ్చిన వస్తాన్ లిగ్నైట్ గని. లారీలు రేపే నల్లదుమ్ముకు ఈ బండి రంగు మారిపోయేది. ఆ గనిలోనే సుమారు ఐదున్నర కోట్ల ఏళ్ల కిందటి గబ్బిలాల ఎముకలు, తుమ్మజిగురు లాంటి శిలాజపు బంకలో చిక్కిన పురుగులు దొరికాయి. ఇండియా ఇంకా ఆసియాకు పూర్తిగా అతుక్కోని కాలం నాటివి. అంత పాత నేల మీద టికెట్ కొట్టించుకుని తిరిగినందుకు ఈ బండికి గర్వంగా ఉంటుంది.

ఝంఖవావ్ దాటాక గాలి మారుతుంది. చెరకు పోయి టేకు వస్తుంది, వెదురు వస్తుంది. రోడ్డు మెలికలు తిరుగుతుంది. ఇవి రాజ్‌పిప్లా కొండల అంచులు. ఇటు వసావాలు, మాండ్వి వైపు చౌధరీలు, గామిత్‌లు, మహువా వైపు ధోడియాలు. ఒక్కొక్కరిది ఒక్కో పలుకు. కోసంబా నుంచి ఉమర్‌పాడాకు గైక్వాడ్‌ల కాలం నాటి చిన్న రైలు కూడా ఉండేది. కానీ రైలు ఆగని ఊళ్లెన్నో. ఈ బండి చివరి తొమ్మిదేళ్లూ ఇక్కడే, నైట్ హాల్ట్ మీద గడిపింది.

నైట్ హాల్ట్ అంటే సాయంత్రం సూరత్‌లో బయల్దేరిన ఆఖరి బస్సు రాత్రికి ఊళ్లోనే ఉండిపోయి, తెల్లవారకముందే మొదటి బస్సై తిరిగి వెళ్లడం. డ్రైవరు, కండక్టరు సీట్ల మీదే పరుపు పరుచుకునేవారు. ఊరివాళ్లు రాగిరొట్టె, మినప్పప్పు తెచ్చిపెట్టేవారు. ఎవరికైనా అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు ఈ బండి తలుపే తట్టేవారు. వాన ఇక్కడ ఆగకుండా కురుస్తుంది. కప్పు మీద ఆ మోతలో నిద్రపోవడం అలవాటైన డ్రైవరు, సెలవు మీద ఇంటికెళ్తే నిద్ర పట్టడం లేదనేవాడు. శివరాత్రికి దేవ్‌మోగ్రా జాతరకు వెళ్లేవాళ్లు కొత్త వెదురు బుట్టల్లో ధాన్యం పోసుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. హోలీకి చెరకు పొలాల నుంచీ మగ్గాల నుంచీ అందరూ ఇంటిదారి పట్టేవారు. ఆ రోజు మాత్రం బండి కిటికీల్లోంచి కూడా ఎక్కేవారు.

ఈ బండికి అన్నిటికన్నా ఇష్టమైనది పొద్దుటి ట్రిప్పు. చదువుకునే పల్లె ఆడపిల్లలకు ఎస్టీలో పాసు ఉచితం. ఆ ఒక్క ఏర్పాటు వల్ల ఎన్ని పెళ్లిళ్లు రెండు మూడేళ్లు వెనక్కి జరిగాయో ఈ బండి కళ్లారా చూసింది. ఎనిమిదో తరగతిలో ఎక్కిన పిల్లలు వంకల్ కాలేజీ దాకా ఇదే సీట్లలో చదువుకున్నారు. ఎడమవైపు మూడో సీటు వెనక రేకు మీద ఒకమ్మాయి కంపాసు మొనతో లంబకోణ త్రిభుజం గీసింది. పక్కన చతురస్రాల లెక్క. మరుసటి ఏడు ఇంకెవరో దాని కింద బెంజీన్ వలయం గీశారు. రెండుసార్లు రంగు వేసినా ఆ గీతలు పైకి తేలాయి.

పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లన్నీ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతాయని కేంద్రం చెప్పింది. ఆర్టీసీ బస్సులూ అందులోనే. మార్చి 30 రాత్రి ఈ బండి ఆఖరిసారి ఉమర్‌పాడా దగ్గరి ఆ ఊళ్లో పడుకుంది.

తెల్లవారుజామున డ్రైవరు ఎప్పటిలాగే చేతిపంపు నీళ్లు రేడియేటర్లో పోశాడు. చెట్ల కింద ఆడవాళ్లు టార్చీల వెలుగులో రాలిన ఇప్పపూలు ఏరుతున్నారు. ఆ తియ్యటి వాసన డీజిలు వాసనలో కలిసింది. ఇద్దరమ్మాయిలు ఎక్కి మూడో సీట్లో కూర్చున్నారు. రేపటి నుంచి వేరే బండి వస్తుందని కండక్టరు చెప్పాడు.

"ఇక్కడే ఆగుతుందా, కాకా?" అంది పెద్దమ్మాయి.

"ఇక్కడే బేటా. టైమూ ఇదే."

ఆ పిల్ల తలూపి పుస్తకం తెరిచింది. కండక్టరు రెండుసార్లు గంట కొట్టాడు. ఈ బండి కదిలింది.