సన్న చప్పుడు

రాజోలు దగ్గర ఊరు. భోగి ముందు రోజు సాయంత్రం కొడుకు హైదరాబాదు నుంచి దిగాడు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, టీవీ ఆపెయ్యమన్నాడు. ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ కూడా ఆపాడు.

“పాలున్నాయిరా లోపల” అంది తల్లి.

“పది నిమిషాలేనమ్మా.”

సంచిలోంచి మ్యూజిక్ ప్లేయరు తీశాడు. ఇయర్‌ఫోన్లు కొత్తవి, 28,000 రూపాయలు. బాలమురళీకృష్ణ ఆలాపన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన పుట్టిన శంకరగుప్తం ఆ ఊరికి దగ్గరే. ఆ పాటలో స్వరం ఎంత ముఖ్యమో స్వరం ఆగిన చోటూ అంతే ముఖ్యం. మంద్రంలోకి దిగి, ఊపిరి తీసుకోబోతూ ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం ఖాళీగా ఉంటేనే తరువాతి స్వరానికి అందం. కొడుకు చెవిలో అది ఖాళీగా లేదు. సుయ్‌మని సన్న చప్పుడు.

తండ్రి ఎదురుగా పడక్కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు మోటార్లు చూసిన మనిషి. ఆ మోత పక్కన పనిచేసి చేసి చెవులు పోయాయి. ఎదుటి మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో అందదు. పోయిన సంక్రాంతికి కొడుకే ఆన్‌లైన్లో 1,100 పెట్టి చెవి మిషను తెప్పించాడు. జేబులో చిన్న డబ్బా, అందులోంచి చెవిలోకి తీగ. ఆయన కొన్నాళ్ళు పెట్టుకుని బీరువాలో దాచేశారు. కొనిచ్చినా పెట్టుకోరని కొడుకు చుట్టాలందరితో అంటూ ఉంటాడు.

“ఏం చేస్తున్నావురా అబ్బాయ్?” అన్నారు తండ్రి.

ఆయనకు చెప్పాలంటే అరవాలి. కొడుకు అరవలేదు. పేపరు అంచున బొమ్మ గీశాడు. ఒక డబ్బా, ఒక తీగ, తీగ చివర చెవి. డబ్బాలో ఆంప్లిఫయరు ఉంటుంది. పాట ఉన్నా లేకపోయినా దానిలో కొద్దిగా సొద పుడుతూనే ఉంటుంది. మామూలు హెడ్‌ఫోన్లలో అది వినిపించదు. ఇవి 10 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు. ఒక్క మిల్లీవాటు అందితే 115 డెసిబెల్స్ పలుకుతాయి. అంత సున్నితం కాబట్టి ఆ సొదనూ పట్టి వినిపిస్తాయి. సౌండు తగ్గిస్తే పాట తగ్గుతుంది, సొద తగ్గదు.

తండ్రి బొమ్మలోని డబ్బా మీద వేలు పెట్టారు.

“అంటే లోపం పాటలో లేదు. మిషన్లో ఉంది.”

కొడుకు తలూపాడు. ఇంకో చిన్న వస్తువు తీసి ఆయన చేతిలో పెట్టాడు. చిటికెన వేలంత అడాప్టరు. ఒక పక్క పిన్ను, ఒక పక్క రంధ్రం, లోపల 75 ఓమ్‌ల రెసిస్టరు. ధర 1,300. ప్లేయరుకీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య పెడితే పాటా సొదా రెండూ తగ్గిపోతాయి. అప్పుడు సౌండు పెంచుకుంటే పాట మాత్రమే తిరిగి పైకి వస్తుంది. బొమ్మలో తీగ మధ్య చిన్న గడి గీసి అదీ చూపించాడు.

ఆయన అడాప్టరును దీపం వెలుగులో పట్టుకున్నారు. పిన్ను చూశారు. తిప్పి, రంధ్రంలోకి చూశారు. గోటితో అతుకు తడిమారు. బాగా చేశారన్నట్టు తలాడించారు. మోటారు విప్పే ముందు కూడా ఆయన అలాగే చూసేవారు.

“ఇంత చిన్న చప్పుడు కదా. కొన్నాళ్ళు పోతే అలవాటైపోదూ?”

“ఎలా అవుతుంది నాన్నగారూ? చెవిలోనే మోగుతుంటే పది నిమిషాలకే తల దిమ్మెక్కిపోతుంది. మనిషన్నవాడు భరించలేడు.”

మామూలు గొంతుతోనే అన్నాడు. తండ్రికి అందలేదు. భార్య వైపు చూశారు. ఆవిడ ఆయన చెవి దగ్గరకు వంగి, ఆ మాటలన్నీ గట్టిగా చెప్పింది.

ఆయన లేచి గదిలోకి వెళ్ళారు. బీరువా తలుపు చప్పుడైంది. అట్టపెట్టెతో తిరిగొచ్చి కూర్చున్నారు. చెవి మిషను బయటికి తీసి, తీగ ఊడదీసి, దాని పిన్ను అడాప్టరు రంధ్రంలో పెట్టబోయారు. పట్టలేదు. తిప్పి పెట్టారు. అప్పుడూ పట్టలేదు.

రెండూ కొడుకు ముందు పెట్టారు.

“దీనికి సరిపోయేది కూడా ఎక్కడైనా దొరుకుతుందేమో చూడరా అబ్బాయ్. ఈ చప్పుడు గురించే ఉగాదికి మీ అమ్మ చేత ఫోన్లో చెప్పించాను. అలవాటైపోతుందన్నావు.”