మైకుసెట్టు మామ ప్లేటు

ఈ ప్లేటు మీద మొదటి పాట నడిమధ్య ఒక గీత పడింది. సూది అక్కడికి రాగానే ఎగిరి వెనక్కి పడేది, పాడే పెద్దాయన వేసిన కేకే మళ్లీ మళ్లీ వేసేవాడు. మైకుసెట్టు మామ ఒకరోజు విసుగెత్తి, సూది తలకాయ మీద పావలా బిళ్ల పెట్టి టేపు చుట్టాడు. ఆ బరువుకు సూది గీతను తొక్కుకుంటూ ముందుకు పోయింది. ప్లేటుకు నష్టమే, గాడి తొందరగా అరుగుతుంది. పాట మాత్రం ఆగలేదు.

తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ ప్లేటు 'నేను' అనదు. అనడానికి దానికి సొంత గొంతు ఉంటే గదా? పన్నెండంగుళాల నల్ల వినైలు, నడుమ ఒక బెజ్జం, రెండు పక్కలా సన్నటి గాడి, అంతే దాని ఆస్తి. గాడి గోడలు ఎటు వంకర తిరిగితే సూది అటు ఊగుతుంది. ఆ ఊగుడు కరెంటవుతుంది, ఆ కరెంటు హారన్లో మళ్లీ చప్పుడవుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు. మైపాడు రోడ్డు పక్కన ఉప్పుగాలికి రేకులు తుప్పుపట్టిన మామ మైకుసెట్టు కొట్టులో, ఆహూజా హారన్ల వెనక, అటకమీద ఇప్పుడు దాని కాపురం.

పుట్టింది 1977 జనవరిలో, అమెరికాలో. పేరు 'హార్డ్ ఎగైన్'. ఆ పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో పెద్దాయన చెప్పిన కారణం ఒకటుంది గానీ, పిల్లాజెల్లా తిరిగే ఇంట్లో చెప్పేది కాదు. 'మళ్లీ గట్టిపడింది' అనుకుని సరిపెట్టుకుందాం.

ఆ పెద్దాయన బ్లూస్ పాటగాడు మడ్డీ వాటర్స్. అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. మిసిసిపీలో చిన్నప్పుడు వాగు నీళ్లల్లో, బురదలో పొర్లుతుంటే అమ్మమ్మ 'మడ్డీ' అని పిలిచింది. 'వాటర్స్' తర్వాత తోడైంది. తెలుగులో చెప్పాలంటే బురదనీళ్లాయన. పెన్నా కాలవల కింద మొలగొలుకుల వడ్లు పండించిన నెల్లూరు జిల్లాకు బురదనీళ్ల విలువ వేరే చెప్పాలా?

ఆయన గొంతు మొదట ప్లేటెక్కింది 1941లో. క్లార్క్స్‌డేల్ దగ్గర స్టోవాల్ పత్తి తోటల్లో ట్రాక్టరు తోలుకునే రోజుల్లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున ఆలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్ యంత్రం మోసుకొచ్చి ఆయన ఇంట్లోనే పాటలు ఎక్కించుకున్నారు. తన పాట తన చెవికి బయటినుంచి వినపడటం ఆయనకు అదే మొదలు. రెండేళ్లకు తోట వదిలి చికాగో రైలెక్కాడు. ఆ 1941 నాటి పలకలు ఈ ప్లేటుకు పెద్దమ్మల వరస.

చికాగోలో ఒక చిక్కు వచ్చిపడింది. పల్లెలో వసారాలో కూర్చుని వాయిస్తే చీకట్లో అంత దూరం వినిపించిన కర్ర గిటారు, సారాకొట్టు రొదలో పక్క బల్లకు కూడా వినపడలేదు. గ్లాసుల చప్పుడు, కేకలు, బయట రైళ్లు. దాంతో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నాడు. చిటికెనవేలుకు గొట్టం తొడిగి తీగెమీద జారిస్తే స్వరం మెట్టు మెట్టుగా కాక, జారుబండ మీద పిల్లాడిలా దిగుతుంది. మన చెవికి ఇది కొత్తేం కాదు, మన సంగీతంలో 'జారు' అనేది దీనికి దగ్గరి చుట్టమే. కరెంటు లేనప్పుడు ఆ జారు సగంలోనే ఆరిపోయేది. కరెంటొచ్చాక చివరిదాకా నిలబడింది.

1950లో ఆయన పాడిన పాట పేరునే ఇంగ్లండు కుర్రాళ్లు కొందరు తమ జట్టుకు పెట్టుకున్నారు. వాళ్లే రోలింగ్ స్టోన్స్. వాళ్లు కోట్లకు పడగలెత్తారు. పెద్దాయనకు ఆ వాటా దక్కలేదు. 1968లో కుర్రకారును పట్టుకుందామని అప్పటి రికార్డు కంపెనీ ఆయన చేత 'ఎలక్ట్రిక్ మడ్' అని ఓ ప్లేటు చేయించింది. దాంట్లో గిటార్లు పిచ్చెక్కినట్టు కూస్తాయి. ఆయనకే అది నచ్చలేదు. ఈ ప్లేటుకైతే ఆ అక్కను గురించి చాడీలు చెప్పాలని లేదు గానీ, కరెంటు ఎక్కువైతే గట్టిదనం వస్తుందనుకోవడం పొరపాటని దాన్ని చూస్తే తెలుస్తుంది. మరుసటేడు కారు ప్రమాదంలో ఆయన ఒళ్లు హూనమైంది. లేచి తిరగడానికి నెలలు పట్టింది.

ఆయన పని అయిపోయిందని కొందరనుకుంటున్నప్పుడు, 1976 అక్టోబరులో, కనెటికట్ రాష్ట్రం వెస్ట్‌పోర్ట్‌లో డాన్ హార్ట్‌మన్ స్టూడియోలో కొద్దిరోజుల్లో ఈ ప్లేటు పాటలు రికార్డయ్యాయి. చేయించినవాడు జానీ వింటర్. టెక్సాస్ పిల్లాడు, అప్పటికి 32 ఏళ్లు, తెల్లజుట్టు, తెల్లకనుబొమ్మలు, మడ్డీ అంటే ప్రాణం పెట్టేవాడు. పెద్దాయనకు 63. వింటర్ చేసిన గొప్ప పని, ఏమీ చేయకపోవడం. ఒక్కొక్కరిని ఒక్కో గాజుగదిలో కూర్చోబెట్టి తర్వాత అతుకులెయ్యకుండా, అందరినీ ఒకే గదిలో కలిపి వాయించమన్నాడు. హార్మోనికా జేమ్స్ కాటన్, పియానో పైన్‌టాప్ పెర్కిన్స్, గిటారు బాబ్ మార్గోలిన్, బేస్ చార్లెస్ కాల్మీస్, డ్రమ్స్ విల్లీ స్మిత్. పాట ఆ గది గోడల ప్రతిధ్వనితో సహా ఎక్కింది. చెవిపెట్టి వింటే వెనకనుంచి వింటర్ ఒళ్లు మరిచి అరిచే అరుపులూ వినపడతాయి.

మొదటి పాట 'మానిష్ బాయ్'. ముందు ఏ వాయిద్యమూ లేదు, గొంతొక్కటే. ఆయన ఒక మాట లాగి వదులుతాడు. తర్వాత అందరూ ఒక్కసారిగా మీద పడతారు, నాలుగైదు స్వరాల ముక్క ఒకటే. ఆయన ఇంకో మాట, మళ్లీ అదే ముక్క. పాట మొత్తంలో ఆ ముక్క మారదు. చదువుకున్న సంగీతగాడికి ఇది పేదరికంలా కనపడొచ్చు. మైపాడు ఒడ్డున అలివి వల లాగేవాళ్లను చూసినవాడికి అలా కనపడదు. ముందున్న ముసలాయన ఒక మాట ఎత్తుకుంటాడు, మోకు పట్టుకున్న ఇరవైమందీ 'హైలెస్సా' అని ఒకే దెబ్బ వేస్తారు. ఆ దెబ్బ మారితే వల ఒడ్డుకు రాదు.

అట్టమీద పేరు గిటారు వీరుడిదే అయినా, ఈ ప్లేటులో ముందుకొచ్చి నిలబడేది గొంతే. తనవాళ్లు చుట్టూ వాయిస్తుంటే కుర్చీలో కూర్చున్న ఇంటిపెద్ద లాంటి గొంతు. తొమ్మిది పాటలు. గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

మరి నెల్లూరు సముద్రం ఒడ్డుకు ఎట్లా చేరింది? ఓడ వంటవాడి పెట్టెలో మద్రాసు హార్బరుకు, అక్కణ్నుంచి సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కు. 1983లో మామ యాంప్లిఫయరుకు పాత వాల్వులు వెతుక్కుంటూ పోయి, పాత ప్లేట్ల గుట్టలో దీన్ని చూశాడు. అట్టమీద నల్లటి పెద్దాయన బొమ్మ తప్ప ఒక్క అక్షరం అర్థం కాలేదు. నాలుగు వాల్వులు కొన్నందుకు కొసరుగా ఇమ్మని అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఏడే ఏప్రిల్ 30న చికాగో పక్క ఊళ్లో మడ్డీ కన్నుమూశాడు. ఆ సంగతి మామకు తెలియదు. ఇంకో రెండేళ్లు ఆ గుట్టలోనే ఉండుంటే 1985 మే 30న మూర్ మార్కెట్ మంటల్లో ఈ ప్లేటు కరిగి ముద్దయిపోయేది.

మామ కొట్టులో ప్లేట్లకు వరస ఉండేది. తెల్లారుజామున సుప్రభాతం. చావింటికి ఘంటసాల భగవద్గీత. పెళ్లికి బాలు పాటలు, నెల్లూరు బిడ్డ కదా, ఒకటికి రెండు ఎక్కువే. ఓ తిరునాళ్ల నాడు చీకటితోనే సహాయానికొచ్చిన కుర్రాడు నిద్రమత్తులో సుప్రభాతం బదులు దీన్ని పెట్టాడు. వేపచెట్టుకు కట్టిన హారన్లోంచి మడ్డీ ఒక్క కేక వేశాడు. గుడి ముందు ముగ్గు వేసే ఆడోళ్లు గిన్నెలు వదిలేసి లేచి నిలబడ్డారు. ధర్మకర్త పరిగెత్తుకొచ్చాడు.

"ఏందబ్బయ్యా ఇది, దేవుడి గుడి ముందు ఎవురో కొట్టుకుంటా ఉండారే!"

మామ మీట నొక్కి ఆపాడు, చెంపలేసుకున్నాడు, సుప్రభాతం పెట్టాడు. కుర్రాడికి ఒకటి తగిలించాడు కూడా. కానీ రాత్రి కొట్టు తలుపులు మూసి, చిన్న స్పీకరుకు కలిపి, మొదటినుంచి చివరిదాకా విన్నాడు. కుర్రాడు గడపలో కూర్చున్నాడు.

"మామా, స్పీకరు పగిలినట్టుందే? కర్రుమంటా ఉండాది."

"పగల్లేదు రా. వాల్వును దాని శక్తికి మించి తోసినారు. ఇరవయ్యేళ్లుగా ఈ కర్రు పోగొట్టాలని నేను చస్తా ఉంటే, ఆ ముసలాయన కావాలని పెట్టుకున్నాడు చూడు!"

పనివాడి మాట అది. వాల్వు యాంప్లిఫయరు మోయగలిగినంతే మోస్తుంది. దానికి మించి తోస్తే అల తల చదునవుతుంది, లేని పైస్వరాలు పుట్టుకొస్తాయి. పెళ్లి పందిట్లో పంతులుగారి మంత్రానికి అదొక తెగులు. చికాగో సారాకొట్టులో అదే రుచి. గొంతుకూ అంతే. నునుపుగా పాడటం చేతకాక కాదు, ఆ గరుకులోనే 63 ఏళ్ల బతుకు ఉంది.

ఈ అటకమీద ఈ ప్లేటుకు తెలుగు చుట్టాలూ ఉన్నారు. వీణకు కాంటాక్టు మైకు తగిలించిన ఈమని శంకరశాస్త్రిది ఒకటి. పాలకొల్లు మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ క్యాసెట్లు రెండు. ఆయనది 1978లో గుడివాడలో తొమ్మిదేళ్ల వయసున తొలి కచేరీ, 1981లో మద్రాసు డిసెంబరు సభల్లో అడుగు. మామూలు మాండొలిన్‌కు జతలు జతలుగా ఎనిమిది తీగెలు, మీటగానే ఆరిపోతాయి, గమకం నిలబడదు. ఆయన జతలు తీసేసి ఒంటి తీగెలు పెట్టాడు, తర్వాత అయిదోది చేర్చాడు, బోలు డొక్క వదిలి ఎలక్ట్రిక్‌కు మారాడు. ఇది మన సంగీతమేనా అని సణిగినవాళ్లూ ఉన్నారు. మడ్డీకి కరెంటు ఎందుకు కావలసివచ్చిందో, శ్రీనివాస్‌కూ దాదాపు అందుకే. జారిన స్వరం మధ్యలో చచ్చిపోకూడదు.

అసలు చుట్టరికం వేరే ఉంది. ఇంగ్లండులో జాన్ మెక్‌లాఫ్లిన్ అనే కుర్రాడికి గిటారు పిచ్చి ఎక్కించిన ప్లేట్లలో మడ్డీవి ఉన్నాయి. ఆ మెక్‌లాఫ్లినే పెద్దయ్యాక 'రిమెంబర్ శక్తి' జట్టులో శ్రీనివాస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని దేశాలు తిరిగాడు. మిసిసిపీ బురదకూ పాలకొల్లు కాలవకూ నడుమ ఒకే ఒక్క మనిషి. 2014 సెప్టెంబరులో శ్రీనివాస్ 45 ఏళ్లకే పోయినప్పుడు మామ ఆ క్యాసెట్టు పెట్టి, అది అయిపోయాక ఏమీ మాట్లాడకుండా ఈ ప్లేటు పెట్టాడు.

1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి కొట్టు రేకులు ఎగిరిపోయాయి. యాంప్లిఫయరు పోయింది. క్యాసెట్లు కొన్ని బూజుపట్టాయి. ఈ ప్లేటు ఉప్పునీళ్లలో తేలింది. వినైలుకు నీళ్లంటే లెక్కలేదు, నడుమ కాగితం లేబులు మాత్రం ఉబ్బింది. మామ భార్య మంచినీళ్లతో కడిగి గుడ్డమీద ఆరేసింది. దాని అసలు శత్రువు నీళ్లు కాదు, రోహిణి కార్తె. ఓ ఎండాకాలం కిటికీ పక్కన మరిచిపోతే అంచు గిన్నెలా వంగింది. అప్పటినుంచి తిరిగేటప్పుడు సూది పడవలా లేస్తూ దిగుతూ పోతుంది.

ఆ నిద్రమత్తు కుర్రాడే ఇప్పుడు డీజే బాక్సుల యజమాని. పాటలన్నీ ఫోన్లోనే. మామకు చెవులు మందగించాయి గానీ, ఎప్పుడైనా ఎవర్నైనా అటక ఎక్కించి ఈ ప్లేటు దించమంటాడు. పావలా బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. సూది మీద టేపు చుట్టిన ఆ ఒక్క పావలా మాత్రం ఇంకా చెల్లుతోంది.