నవ్వుతారు మావయ్యా!

మొన్న బట్టల కొట్లో మనవడికి నిక్కరు చూపించమన్నాను. పక్కనున్న మేనల్లుడు చటుక్కున నా మోచెయ్యి గిల్లాడు. రెండేళ్లు లండన్‌లో ఉండొచ్చాడు లెండి. "షార్ట్స్ అనండి మావయ్యా! అక్కడ నిక్కర్స్ అంటే ఆడవాళ్లు లోపల వేసుకునేవి. నవ్వుతారు!" కొట్టతను నవ్వలేదు. "బాబుకి ఎన్నేళ్లండీ?" అని మూడు తీసి బల్ల మీద పరిచాడు.

నవ్వే వాళ్ల నిక్కరు పుట్టుక ఏపాటిదో చూద్దాం. 1809లో న్యూయార్కు పత్రికలో ఒక ప్రకటన పడింది. నిక్కర్‌బాకర్ అనే ముసలాయన బస నుంచి మాయమయ్యాడు, ఆచూకీ తెలిసినవారు చెప్పగలరు అని. కొన్నాళ్లకు హోటలువాడి పేరుతో ఇంకోటి: ఆయన గదిలో వదిలేసిన రాతప్రతి అచ్చేయించి బాకీ రాబట్టుకుంటానని. తీరా చూస్తే ముసలాయనా లేడు, బాకీ లేదు. వాషింగ్టన్ ఇర్వింగ్ అనే ఇరవయ్యారేళ్ల కుర్రాడు తన పుస్తకం అమ్ముకోవడానికి ఆడిన నాటకం! (మన సినిమా పబ్లిసిటీవాళ్లు ఆయనకో దండ వెయ్యాలి.) ఆ తర్వాత లండన్‌లో క్రూక్‌షాంక్ అనే చిత్రకారుడు ఆ పుస్తకానికి బొమ్మలు గీశాడు. అందులోని డచ్చివాళ్లకు మోకాళ్ల కింద బిగించిన వదులు లాగులు తొడిగాడు. అంతే, లేని మనిషి పేరు ఉన్న లాగుకు అంటుకుంది. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లండులో అది ఆడవాళ్ల గౌన్ల కిందికి దూరింది. అక్కడా ఆగిందా? పొడుగు గ్లాసులో ఐస్‌క్రీమైంది, న్యూయార్కులో బాస్కెట్‌బాల్ జట్టైంది. ఇంత తిరుగుబోతు మాట మనకు మర్యాద నేర్పుతుందట!

మన దగ్గరికొచ్చాకే అది కుదురుగా బడికెళ్లింది. ఎదిగే పిల్లాడని దర్జీ అంచు లోపల నాలుగు వేళ్ల మడత ఉంచేవాడు. ఏటా కాస్త విప్పితే, వెలిసిన ఖాకీ కింద వెలవని ఖాకీ పట్టీలా కనబడేది. ఆ పట్టీలు లెక్కబెట్టి ఎన్నేళ్ల నిక్కరో చెప్పొచ్చు. గుండీ ఊడితే పిన్నీసు. పెట్టుకోవడం మరిచిపోతే "ఒరేయ్, పోస్టాఫీసు తెరిచుందిరోయ్" అని వెనక బెంచీ కేక. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు దాన్ని ఆడవాళ్ల బట్ట అనుకోలేదు.

మేనల్లుడు తనకోటి తీసుకున్నాడు. మోకాళ్లు దాటి, కింద బిగింపున్నది. అచ్చం క్రూక్‌షాంక్ డచ్చివాడే. "ఇది త్రీఫోర్త్" అని మరీ చెప్పాడు కొట్టతనికి.

అతను తలూపి బిల్లు రాశాడు: చిన్న నిక్కరు 1, పెద్ద నిక్కరు 1.