పొట్టేలు నుదురు నిమరకండి

పొట్టేలు కుమ్ముతోందని ఊళ్లో ఎవరితోనైనా అని చూడండి. అడిగినా అడక్కపోయినా నలుగురూ నాలుగు ఉపాయాలు చెబుతారు. మాది కనిగిరి వైపు. నాయన కాలం నుంచీ నెల్లూరు జోడిపి జాతి గొర్రెలే మాకు ఆధారం. ఆ ఉపాయాల్లో చాలావాటిని మేము చేసి చూశాం, దెబ్బలు తిన్నాం, జీవాలను పోగొట్టుకున్నాం. మీ దొడ్డిలోకి మొదటి విత్తన పొట్టేలు రాబోతుంటే మీకూ ఈ సలహాలే చెబుతారు. దయచేసి వినకండి.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది, వినడానికి అన్నిటికన్నా మంచిగా ఉండే సలహా: “పిల్లప్పుడే చేత్తో ఆడించి మచ్చిక చేసుకో, పెద్దయ్యాక చెప్పినట్టు వింటుంది.”

మా దొడ్డిలో ఒక గొర్రె ఈనిన రోజే చచ్చిపోయింది. దాని పొట్టేలు పిల్లను ఇంట్లో ఉంచి సీసాతో పాలు పట్టాం. బుజ్జోడు అని పేరు పెట్టాం. నుదుటి మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ముందుకాళ్లు బిగబట్టి నెట్టేది. అప్పుడప్పుడే మొలుస్తున్న కొమ్ముల మొదళ్లు గోరువెచ్చగా చేతికి తగిలేవి. పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఇంటికి చుట్టాలొస్తే అదే వేడుక. నేనూ ఆడించాను.

ఏడాదిన్నర తిరిగింది. ఒక పొద్దున అమ్మ కుడితి బకెట్ పెట్టడానికి దొడ్డిలో వంగింది. నేను తడిక ఇవతల పాలు పిండుతున్నాను. బుజ్జోడు గడ్డం గొంతుకు ఆనించుకుని, అమ్మ వైపే చూస్తూ నాలుగడుగులు వెనక్కి వేసింది. వెనక్కి పోతోంది కదా, అమ్మకు దారి ఇస్తోందనుకున్నాను. పొట్టేలు వెనక్కి తగ్గేది దూకుడు కోసమేనని అంతమంది జీవాలోళ్ల మధ్య పెరిగిన నాకు ఆ క్షణాన తట్టలేదు. టెంకాయను బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. అమ్మ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా మూడు నెలలు మంచం దిగలేదు.

పొట్టేలు పొగరెక్కిందన్నారు అందరూ. పొగరు కాదు. మందలో తల్లి దగ్గర పెరిగిన పొట్టేలుకు మనిషంటే కొంచెం జంకు ఉంటుంది, నాలుగడుగుల దూరం పాటిస్తుంది. సీసా పాలతో ఇంట్లో పెరిగినదానికి ఆ జంకు ఉండదు. మనల్ని తన మందలో జీవాలుగానే చూస్తుంది. ఎద వయసు వచ్చాక ఇంకో పొట్టేలుతో ఎలా ఉంటుందో మనతోనూ అలాగే ఉంటుంది. పొట్టేళ్ల మధ్య నుదుటికి నుదురు ఆనించడమంటే బలం తేల్చుకుందాం రమ్మనడమే. ఆ పిలుపు రోజుకు పదిసార్లు మా అరచేతులతో మేమే పిలిచాం.

కాబట్టి పొట్టేలు పిల్ల నుదుటి మీద చెయ్యి వేయకండి, పిల్లల్ని వేయనివ్వకండి. ముద్దు ఆగకపోతే గదమ కింద గోకండి. తల్లి లేని పిల్లను పిల్ల చచ్చిపోయిన ఇంకో గొర్రెకు అలవాటు చేయండి. అది కుదరక సీసా పాలే పట్టాల్సి వస్తే, పశువుల డాక్టరు చేత చిన్నప్పుడే విత్తులు నొక్కించండి. అంత చక్కగా ఎదిగిందని విత్తనానికి మాత్రం ఉంచుకోవద్దు.

రెండో సలహా మా బాబాయిది. “ఎదురు నిలబడి నెత్తిన నాలుగు వెయ్యి, మళ్లీ నీ జోలికి రాదు.” అమ్మ మీద ప్రేమతో అన్నాడు, కర్ర కూడా ఆయనే పట్టుకున్నాడు. పొట్టేలు నుదుటి ఎముక దళసరి. దాని వెనక మెదడుకు ముందు గాలి నిండిన గదులుంటాయి. ఆ అదురునంతా మోయడానికి మెడ కండలు ఉన్నాయి. నొప్పి తెలియదని కాదు. అయితే నెత్తి మీద దెబ్బంటే దానికి శిక్ష కాదు, పోరు మొదలైందని. మనం కొట్టి పక్కకు తప్పుకుంటే తాను గెలిచినట్టు. కొట్టి నిలబడితే మళ్లీ వస్తుంది. కొండను పొట్టేలు ఢీకొన్నట్టు అని సామెత చెప్పుకుంటాం గానీ, 40 కిలోల జీవం పరుగెత్తుకొచ్చి తగిలితే నిలవడానికి మన మోకాళ్లు కొండలు కావు. వారం పాటు బాబాయి కొట్టాక బుజ్జోడు ఆయన గొంతు విన్నా చాలు, వెనక్కి అడుగులేయడం మొదలుపెట్టింది.

“కొత్త పొట్టేలును మందలో వదిలెయ్, వాటి గొడవ అవే తేల్చుకుంటాయి” అనేది ఇంకొకటి. తేల్చుకుంటాయి, నిజమే. ఒకటి చచ్చేదాకా కూడా తేల్చుకుంటాయి. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు ఒక్కో యూనిట్ కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. నల్గొండ వైపున్న మా బావ, ఆయన తమ్ముడు చెరో యూనిట్ తెచ్చి రెండిటినీ ఒకే దొడ్డిలోకి తోలారు. పెద్ద దొడ్డి, ఖాళీ జాగా ఎక్కువ. తెల్లారి చూస్తే ఒక పొట్టేలు మెడ విరిగి కంప పక్కన పడి ఉంది. బావ ఫోన్ చేసి మాట రాక ఏడ్చాడు. ఆ పొట్టేలు వాళ్ల చేతికొచ్చి అప్పటికి రెండు రోజులు.

చంపేది కొమ్ము కాదు, పరుగు. జాగా ఉంటే పది పన్నెండు అడుగులు వెనక్కి పోయి దూకుతాయి. జాగా లేకపోతే దూకలేవు. కాబట్టి ఒకదాన్నొకటి ఎరగని పొట్టేళ్లను మొదట ఒళ్లూ ఒళ్లూ రాసుకునేంత ఇరుకు గదిలో రెండు మూడు రోజులు ఉంచండి. లోపల నీళ్లు, మేత అందేట్టు చూడండి. తోసుకుంటాయి, ఆనుకుంటాయి, ఒకదాని వాసన ఒకదానికి పడుతుంది. తర్వాత మందలోకి వదిలినా మొదటి రోజంతా కళ్లెదుటే ఉండాలి. అప్పుడు ఢీకొన్నాయే అనుకోండి, విడదీస్తానని మధ్యలోకి వెళ్లకండి. పంచతంత్రంలో రెండు పొట్టేళ్ల మధ్యకు దూరిన నక్క గతి చిన్నప్పుడే విన్నాం కదా. తలుపు రెక్కో, రేకో అడ్డం పెట్టి, లేదా నీళ్లు చల్లి, ఎడంగా ఉండే విడదీయాలి.

ఇక కొమ్ములు కోయించమనేవాళ్లు. ఆ పని చేయకండి. కొమ్ము లోపల నెత్తురు ఆడే ఎముక ఉంటుంది. పెద్ద పొట్టేలులో ఆ ఎముక లోపలి ఖాళీ నుదుటి గాలి గదులతో కలిసిపోయి ఉంటుంది. రంపంతో కోస్తే నెత్తురు ఆగదు, పైగా పుండు పట్టి పురుగులు పడతాయి. అయినా కొమ్ముల్లేని పొట్టేలూ కుమ్ముతుంది.

మేత తగ్గిస్తే బలం తగ్గి ఊరుకుంటుందనీ అంటారు. ఎండిపోయిన పొట్టేలు గొర్రెలకు దాటదు, మంద చూలు లేక మిగిలిపోతుంది. దాణా కుమ్మరించి మంచి చేసుకోవాలనుకోవడం కూడా అంతే తప్పు. గింజలు, తవుడు మితిమీరితే మగ జీవాలకు మూత్రంలో రాళ్లు పడతాయి, ఉచ్చ బిగిసి చచ్చిపోతాయి.

ఒంటరిగా కట్టేయమనేది కూడా మంచి సలహా కాదు. గొర్రె మంద జీవం. ఒంటరిగా రాటకు కట్టిన పొట్టేలు మనిషి వాసన తగిలినా లేచి నిలబడుతుంది. ఎద కాలం కానప్పుడు దానికి తోడుగా విత్తులు నొక్కిన ఇంకో పొట్టేలును ఉంచితే చాలా నెమ్మదిస్తుంది. మన వైపు తొలకరి తర్వాత పచ్చిక మేసి జూన్ నుంచి ఆగస్టు దాకా గొర్రెలు ఎక్కువగా ఎదకొస్తాయి. చూలు కట్టని గొర్రె ఇంచుమించు 17 రోజులకోసారి మళ్లీ ఎదకొస్తుంది. ఆ రోజుల్లో పొట్టేలు పై పెదవి మడిచి, గొర్రె ఉచ్చ వాసన చూస్తూ నిలబడటం చూస్తాం. అప్పుడు దొడ్డి పనికి పిల్లల్ని, ముసలివాళ్లను పంపకండి.

నాకు కోపం తెప్పించే సలహా ఒకటుంది. “కుమ్మేదాన్ని పందేలోళ్లకు అమ్మెయ్, ధర బాగా వస్తుంది.” సంక్రాంతి పందెంలో మెడ వాలిపోయి నోట్లోంచి నెత్తురు కారుతున్న పొట్టేలును దగ్గర నుంచి చూసినవాణ్ణి. జంతువులను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి పోట్లాడించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మనం ఆడించి నేర్పిన తప్పుకు దాని మెడ ఎందుకు విరగాలి?

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న పొట్టేలు గుణం గురించి. ఇప్పటిదాకా సాధువుగా ఉన్న పొట్టేలు ఉన్నట్టుండి మీద పడుతుంటే, గొంతు మారి, చొంగ కారుస్తుంటే అది పిచ్చికుక్క కాటు కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టకండి, డాక్టరును పిలవండి. చొంగ మీ ఒంటి గాయానికి తగిలి ఉంటే వెంటనే సబ్బుతో బాగా కడుక్కుని ఆసుపత్రికి పొండి. తలను గోడకు ఆనించి నెడుతూ, ఒకే వైపు గుండ్రంగా తిరిగేది కుమ్ముతున్నట్టు కాదు. కుక్కల మలంలోంచి వచ్చే పురుగు మెదడులో తిత్తి కట్టినా అలా తిరుగుతుంది. పొగరని కొట్టకండి.

ఇప్పుడు మేము చేసేదల్లా ఇంతే. దొడ్డిలోకి ఎవరు పోయినా చేతిలో రొమ్ము దాకా వచ్చే పలక ఉంటుంది. అది చూపుకు అడ్డం పెట్టడానికే, కొట్టడానికి కాదు. పొట్టేలు మెడకు గంట కట్టాం, వెనక నుంచి వచ్చినా చెవికి తెలుస్తుంది. వీపు చూపించి వంగము. గడ్డం లోపలికి ముడిచి అడుగు వెనక్కి వేసిందా, నేరుగా పరుగెత్తకుండా పక్కకు జరిగి తడిక దాటుతాము. మనుషుల మీదికొచ్చే పొట్టేలుకు పుట్టిన పిల్లలను విత్తనానికి ఉంచుకోము, ఆ గుణం కొంత నెత్తుట్లోనే దిగుతుంది.

బుజ్జోణ్ణి తర్వాత ఏడాదే మాంసానికి ఇచ్చేశాం. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు దొడ్డిలోకి రాదు. కర్ర ఊతంతో తడిక దాకా వచ్చి బయటి నుంచే తొట్టిలో కుడితి పోస్తుంది. కొత్త పొట్టేలు నాలుగడుగుల అవతలే నిలబడి, ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నాకే వచ్చి తాగుతుంది.